ఉతకని దుప్పటి

చంటివాణ్ణి చంకనేసుకుని లాండ్రీ కొట్టు అరుగెక్కింది ఆ అమ్మాయి. మర్నాడే విమానం. సముద్రాలు దాటి అక్క దగ్గరికి వెళ్లాలి, తోడెవరూ లేరు. రెండేళ్లవాడు ఇంట్లోనే సరిగా నిద్రపోడు. అంతసేపూ గుక్కపట్టి ఏడిస్తే విమానమంతా తనకేసే చూస్తుందని తలుచుకుంటే, వారం రోజులుగా ఆమెకి తిండి సయించడం లేదు. వాడు కప్పుకునే దుప్పటి శుభ్రంగా ఉతికించి పట్టుకెళదామని ఇక్కడ ఇచ్చింది. దానికోసమే వచ్చింది.

లాండ్రీ మావయ్య ఓ మూట విప్పాడు, అడుగుకంటా చూశాడు, గబుక్కున మళ్లీ కట్టేశాడు. గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే ఏదో కథ మొదలవుతుందని, పక్క కొట్టు దర్జీ తన మిషను ఆపేసి ఇటొచ్చి కూర్చుంటాడు. వింటే పని చెడుతుంది, వినకపోతే ఆయన అలుగుతాడు. పని చెడ్డా ఫరవాలేదనుకునే మనిషి దర్జీ.

"దుప్పటికేం గానీ, కూర్చో అమ్మా. ఓసారి నేను విమానంలో వెళ్తున్నానా, పక్క సీట్లో చంటిపిల్ల ఒకటే ఏడుపు. పైకి లేచేటప్పుడు చెవులు పట్టేస్తాయి కదా, పాపం చెప్పుకోలేదు. 'పాలసీసా నోట్లో పెట్టమ్మా, గుటకలేస్తే చెవులు వదుల్తాయి' అన్నాను. టక్కున ఊరుకుంది."

"ఇంతేనా?" దర్జీ పెదవి విరిచాడు.

"ఇంతే అయితే నిన్ను మిషను ఆపనిస్తానా? ఊరుకుంది గానీ నిద్రపోదే! ఇంట్లో కప్పే దుప్పటేదమ్మా అని వాళ్లమ్మని అడిగాను. తీసింది. తళతళలాడుతోంది! 'ఎంత పని చేశావు తల్లీ, దీంట్లోంచి ఇల్లంతా ఉతికేశావే!' అన్నాను. పిల్లలకి దుప్పటంటే గుడ్డ కాదమ్మా, వాసన. అమ్మ చీరది, మంచానిది, ఒలికిన పాలది. అప్పుడు నేనేం చేశానో చెప్పుకో చూద్దాం?"

"నువ్వే చెప్పు," అన్నాడు దర్జీ.

"నా సంచిలో మా మనవడి దుప్పటుంది, ఉతకనిది. కప్పాను. పిల్ల నిద్ర! ఆ వాసన ముందు వరుసకి పాకింది, అక్కడ కవలలు నిద్ర. వెనక్కి పాకింది, బట్టతల పెద్దమనుషులు సైతం వేళ్లు నోట్లో పెట్టుకుని నిద్ర. టీలిచ్చే అమ్మాయి ట్రే పట్టుకుని నిలబడే కునికింది, చుక్క ఒలకలేదు!"

"విమానం నడిపేవాడో?"

"ఆవలిస్తూ వచ్చి, 'తాతా, ఆ కొస కాస్త ఇటు కప్పవా' అన్నాడు."

"ఓరి నాయనో! మరెవరు నడిపారు?"

"నడపడమేమిటయ్యా, విమానమే నిద్రపోతేను! రెక్కలు ముడుచుకుని, ఓ మబ్బు మీదికి ఒరిగి గుర్రు పెట్టింది. నేనొక్కణ్ణే మేలుకుని, కిటికీలోంచి చెయ్యి చాపి దాన్ని జోకొడుతూ కూర్చున్నాను. ఇంతలో సూర్యుడు తల పైకెత్తాడు. 'ష్! పిల్లలు పడుకున్నారు' అన్నాను. కిక్కురుమనకుండా కిందికి దిగిపోయాడు. ఆ రోజు లోకమంతా ఆలస్యంగా తెల్లారింది!"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వి వారమైందని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

లోపల ఇస్త్రీ పెట్టె ఠంగుమంది. అత్తయ్య బయటికొచ్చింది.

"ఈయన విమానం ఎక్కిందెప్పుడమ్మా! నిచ్చెన రెండో మెట్టెక్కితేనే కళ్లు తిరుగుతాయి. నీ దుప్పటి ఉతకడం మరిచిపోయాడు, అదీ సంగతి. మూట అడుగున అలాగే ఉంటుంది, చూడు."

దర్జీ తొడ చరిచి నవ్వాడు. మావయ్య కాళ్లకేసి చూసుకున్నాడు.

"ఇప్పుడే ఉతికి ఇస్త్రీతో ఆరబెట్టిస్తాను, ఉండు" అంటూ అత్తయ్య దుప్పటి బయటికి లాగింది. అంతే, చంటివాడు ముందుకి వంగి దాని అంచు పట్టేసుకున్నాడు. మొహానికి హత్తుకున్నాడు, తల్లి భుజం మీద తల వాల్చాడు, రెండుసార్లు ముక్కు రుద్దుకున్నాడు. కళ్లు మూతలుపడ్డాయి. దుప్పటి రెండో కొస అత్తయ్య చేతిలోనే ఉండిపోయింది.

"వద్దత్తా," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "ఇలాగే పట్టుకెళ్తాను."

మావయ్య ఛాతీ పొంగింది. నోరు తెరిచాడు.

"ష్!" అంది అత్తయ్య.

ఆయన కిక్కురుమనకుండా కూర్చున్నాడు. దర్జీ తన మిషను దాకా వెళ్లి, పెడలు మీద కాలు పెట్టి, మళ్లీ మెల్లగా తీసేశాడు.