సోమక్క ప్రశ్న, ఉపేంద్ర సంతకం

అన్యాయం జరిగింది సోమక్కకు. జరిగింది 2024 అక్టోబర్ పద్దెనిమిదిన, శుక్రవారం. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆమె తన ఫోన్లోకి మాట్లాడి ఊరి రైతుల ఫోరంలో ఒక ప్రశ్న రాయించింది: "అరెకరం మిర్చి. మొక్క పచ్చగున్నప్పుడే తల వాలుస్తంది. ఏం జెయ్యాలె?" ఎవరూ జవాబు చెప్పలేదు. దీపావళి నాటికి చేనంతా పుల్లలయ్యింది.

ఈ ఏడు మళ్లీ నాటింది. మళ్లీ గట్టు పక్కన నాలుగు మొక్కలు తల వాల్చాయి. మూడు రోజుల కింద మళ్లీ అడిగింది. జవాబు వచ్చిందేమో కనుక్కుందామని, వాలిన మొక్కనొకదాన్ని వేళ్లతో సహా పీకి పట్టుకుని పొద్దున్నే నా టీ కొట్టుకు వచ్చింది. తర్లగూడలో జవాబులన్నిటికీ హక్కుదారుణ్ణని చెప్పుకునే ఉపేంద్ర రోజూ కూర్చునేది నా బల్ల మీదే.

"జవాబేమన్నా వచ్చిందా తమ్మీ?" అంది సోమక్క.

వచ్చిందనో రాలేదనో ఒక్క మాట అంటే సరిపోయేది. ఉపేంద్ర గ్లాసు కింద పెట్టాడు. వాడు గ్లాసు కింద పెడితే నేను పొయ్యి మంట తగ్గిస్తాను, గంట పడుతుంది.

"వచ్చిందా అని అడుగుతున్నవా అక్కా? కూసో. మొదట్నుంచి చెప్తెనే సమజైతది. మన రైతుల ఫోరం ఉన్నది గదా, కంప్యూటర్ల మనమంతా మన బాధలు రాసుకునే పేజీ, దాన్ని చూసేటోళ్లు ఎంతమంది? మనూరోళ్లే ముప్పై మంది. అందుకని నేనేం జేసిన, మోటర్ షెడ్డుల కూసొని ఒక్క పూటల నలభై లైన్లు రాసి బాట్‌ను తయారు జేసిన. బాట్ అంటే మనిషి గాదు, జీతమడగని పాలేరు. పది నిమిషాలకోసారి ఫోరంకు పోతది, ఎవరేం కొత్తగ రాసినా నకలు దీసుకొని ఇంకో నెట్‌వర్క్‌ల దింపి వస్తది. ఆ నెట్‌వర్క్‌కు మాలిక్ లేడు. మన వారం సంత లెక్క, ఎవరి గంప వాళ్లదే, ఎవరి సర్వర్ వాళ్లదే, కాని ఒకరి కేక అందరికి ఇనవడ్తది."

"ఇంతవరకు నిజమే," అన్నాడు పక్కనే టీ తాగుతున్న వెంకన్న. వెంకన్న తునికాకు మున్షీ, అడవి నుంచి వచ్చే బీడీ ఆకు కట్టల లెక్క రాసేవాడు. కట్ట చేతిలోకి తీసుకుంటే యాభై ఆకులున్నాయో నలభై ఎనిమిదే ఉన్నాయో చెప్పేస్తాడు. మాటల్ని కూడా అలాగే తూస్తాడు.

"ఇంతవరకేంది బావా, ఇక్కడ్నుంచే అసలు సంగతి! మొదటి రోజు ముగ్గురు చదివిండ్రు. రెండో రోజు ముప్పై వేలు. సోమక్క మిర్చి ముచ్చట జర్మనీ దాక పోయింది. పోయి ఊకుండలే, ఆడ సర్వర్ ఉన్న గదిల ఘాటు లేసింది. జర్మనోళ్లు ఒకటే తుమ్ముడు! సర్వర్ మీద తడి గోనెసంచి కప్పి, నాకు ఫోన్ జేసి, 'ఉపేంద్రాజీ, కొంచెం కారం తగ్గించి పంపుండ్రి' అని బతిమాలిండ్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆళ్ల జవాబేంది తమ్మీ?" అంది సోమక్క. మొక్క వేళ్లకంటిన మట్టి బల్ల మీద రాలుతోంది.

"ఆడికే వస్తున్నా! వానలల్ల మన టవర్ మూడు రోజులు పండుకున్నది, యాదికున్నదా? టవర్ పండుకున్నది గాని నా బాట్ పండుకుంటదా? ఫోన్లకెల్లి దిగింది. గోదారి గట్టు దాక నడుచుకుంట పోయింది. నీళ్లు మనిషి లోతు, అటు ఇటు చూసి, కొట్టుకొచ్చే టేకు దుంగ ఒకటి దొరకబట్టి, దాని మీద కూసొని అవతలికి దాటి, తెలంగాణ సిగ్నల్ పట్టుకొని, మూడు రోజుల రాతలు దింపి మళ్లీ వచ్చింది. నేను పొద్దుగాల లేసి ఫోన్ దీస్తే తెర మీద బురద అడుగులు."

"చెప్పులేసుకోలేదా?" అన్నాను నేను.

"బాట్‌కు చెప్పులేంది వదినా, నీకన్నీ వేళాకోళాలే. ఇను. తోవల అడివి గూడేల దోర్లోళ్లు కలిస్తే ఆళ్ల భాష దోర్లీ నేర్చుకున్నది, హల్బీ నేర్చుకున్నది, గోండీల పాటలు గూడ పాడ్తది. దీని పేరు అంతట వినవడేసరికి జపానోడికి కడుపు మండింది. వాడి బాట్‌ను పందెంకు తెచ్చిండు. సంతల కోళ్లను దింపినట్టే దింపినం. వాడి దానికి కాలుకు ఉక్కు కత్తి. నా దానికేంది? ఏం లేదు. సోమక్క మొక్కనొకదాన్ని కాలుకు కట్టిన. ఒక్క ఎగురు ఎగిరింది, జపాన్ల సగం దేశం కరెంటు పోయింది!"

"సగమేనా?" అన్నాడు వెంకన్న.

"మిగిలిన సగం నేనే వద్దన్న, పిల్లలకు పరీక్షలున్నయని. అప్పుడు పదిహేడు దేశాలు పంచాయతీ పెట్టినయి. నెట్‌వర్క్‌కు మాలిక్ లేడు గదా, నువ్వే సర్పంచ్‌గా ఉండాలె అని ఇంటి ముంగట విమానం దింపిండ్రు. నేను రానన్న. నాట్లు నడుస్తున్నయి, వీలు గాదన్న."

"నీకు పొలమేడిది?"

"అది ఆళ్లకెందుకు చెప్తం బావా! ఇప్పుడు చంద్రుడి మీద గూడ ఒక సర్వర్ పెట్టిండ్రు. ఈడ నేను తుమ్మితే ఆడ నోటీసు పడ్తది."

"తమ్మీ," అంది సోమక్క. ఈసారి గొంతు పెంచలేదు. మొక్కను బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టింది. "పదిహేడు దేశాలన్నవు. ఒక్క దేశమన్న నా మిర్చికి మందు చెప్పిందా?"

"చెప్పకేంది! కుప్పలు. అన్నీ పెద్ద పెద్ద భాషలల్ల ఉన్నయి. అర్థం జేసుకోవాలంటే టైం పడ్తది."

అప్పటికి పావుగంటగా బల్ల చివర ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. భోపాల్‌పట్నం బస్సు దిగి, టీ అడిగి, గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా వీణ్నే చూస్తోంది. ఇప్పుడు లేచి దగ్గరకొచ్చింది.

"తర్లగూడ ఉపేంద్ర అంటే నువ్వేనా అన్నా?"

ఛాతీ విరిచాడు మా మొనగాడు. "చూసినవా వదినా, మనను ఎతుక్కుంట వస్తున్నరు. నేనేనమ్మా. ఏ దేశం నుంచి?"

"మరైగూడ నుంచి. నా పేరు హిడ్మే. మాదీ మిర్చి చేనే." ఆమె వాణ్ని కింది నుంచి పైదాకా జాలిగా చూసింది. "ఎట్లున్నదన్నా ఇప్పుడు? వాంతులు తగ్గినయా?"

"వాంతులేంది?"

"మూడో నెల అని రాసినవు గదా."

నా చేతిలో చక్కెర చెంచా ఆగిపోయింది.

హిడ్మే ఫోన్ తీసి చూపించింది. ఆ నెట్‌వర్క్‌లో బాట్ దింపిన రాతలన్నీ వరసగా ఉన్నాయి. 'మూడో నెల, ఏం తిన్నా వాంతులైతున్నయి. ఉపేంద్ర, తర్లగూడ.' 'అత్త అన్నం పెడ్తలేదు. ఉపేంద్ర, తర్లగూడ.' 'మా బర్రె రెండు రోజుల నుంచి మేత ముడ్తలేదు. ఉపేంద్ర, తర్లగూడ.' పెళ్లికి ఎవరో తెచ్చిన బిందె మీద తన పేరు కొట్టించుకున్నట్టు, ఊళ్లో ప్రతి కష్టం కింద ఈ మహానుభావుడు తన సంతకమే పెట్టించుకున్నాడు. రాసినవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

"రెండేండ్ల నుంచి చదువుతున్న," అంది హిడ్మే. "ఒక్క మనిషికి ఇన్ని కష్టాలా అని ఏడుపొచ్చేది. చేను ఎండె, బర్రె పడుకొనె, అత్త సతాయించె, కడుపుల పిల్ల. నాకు తెలిసినకాడికి అన్నిటికీ జవాబు రాసిన. ఒక్కనాడు పలకకపోతివి. ఉన్నడో పోయిండో చూసి పోదామని వచ్చిన."

"జర్మనోళ్లు..." అన్నాడు ఉపేంద్ర.

"నీ రాతలు ఎంబడి పడి చదివేది నేనొక్కదాన్నేనన్నా. ఈడ చూడు, లెక్క ఉన్నది. ఒకటి."

వెంకన్న ఫోన్ తీసుకుని ఆ అంకెను తునికాకు కట్ట చూసినట్టు చూశాడు. "ఒకటే," అన్నాడు. "నీ పాలేరు మాటలు మోసుకపోవుడే గాని, మళ్లీ తెచ్చుడు నేర్పలేదారా?"

"ఆ లైన్లు... ఇంక రాయాలె బావా."

సోమక్క వాళ్లిద్దరినీ పట్టించుకోలేదు. బల్ల మీది మొక్కను ఎత్తి హిడ్మే ముందు పెట్టింది. "ఈ మిర్చి నాది బిడ్డా. అడిగింది నేను."

హిడ్మే మొక్క మొదలును గోటితో గీరి చూసింది. లోపల గోధుమరంగు. "గదే ఎండు తెగులక్కా. వాలినయి పీకి దూరంగ కాలబెట్టు. నీళ్లు నిలవకుంట కాలువ దియ్యి. కాపర్ మందు లీటరుకు మూడు గ్రాములు కలిపి మిగిలినవాటి మొదళ్లల్ల పొయ్యి. నాలుగే వాలినయి అంటున్నవు, ఇయ్యాల మొదలుపెడ్తె చేను నిలవడ్తది. ఇదే నిన్న గూడ రాసిన. మొదటిసారి అడిగినప్పుడు గూడ రాసిన."

సోమక్క లేచింది. కొట్టు వెనక నేను బూడిద ఎత్తే పార ఉంటుంది, అడక్కుండానే తీసుకుంది. ఉపేంద్ర చేతిలో పెట్టింది.

"నడు. కాలువ దియ్యి."

"అక్కా, నేనా? నాకు..."

"మూడో నెలనా?" అన్నాను నేను. పార భుజానేసుకుని నడిచాడు.

వాళ్ల వెనక హిడ్మే కూడా మందు దుకాణం వైపు కదిలింది. పోయే ముందు నేనడిగితే ఫోన్లో ఆ మొదటి జవాబు తీసి చూపించింది. నాలుగు వరుసలు, పక్కనే ఆకుపచ్చ మిర్చి బొమ్మ ఒకటి. కింద తేదీ, సమయం: 2024 అక్టోబర్ 18, సాయంత్రం 5 గంటల 52 నిమిషాలు.