రత్నమన్న కోసం ఆగిన వ్యాను

“సార్, బండికి ఇన్సూరెన్సు లేకపోతే ఏమవుతుంది? నిన్న హైవేలో మా నాన్నను ఆపి, తొందరగా కట్టుకోమని చెప్పి పంపించినారంట.”

ఎవరు, సుహాసినివా అడిగింది? రండి, ఆ పుస్తకాలు మూసేసి అందరూ ఇట్టా దగ్గరికి జరగండి. చాప మీద ఇంకా చోటుంది. గాలి సముద్రం పక్క నుంచి తోలతా ఉంది, దూరంగా కూర్చుంటే నా గొంతు మీ దాకా రాదు.

మా చిన్నప్పుడు బండంటే ఎద్దుల బండే గదా. మా మేనమామ గూడూరికి వడ్లు తోలేవాడు. ఇరుసు కింద లాంతరు వెలగకపోతే పోలీసాయన ఆపేవాడు, అంతే, ఇంకే కాయితమూ అడిగేవాళ్ళు కాదు. గూడూరికి బస్సు టికెట్టు అప్పుడు ముప్పావలా... కాదు కాదు, రూపాయి. సరే, నేను చెప్పొచ్చింది అది కాదు.

మన వీధి చివర పరుపులు కుట్టే మస్తాన్ తాత ఉండాడే, ఆయన సంగతి. ఆయనకో పాత వ్యాను ఉండింది. పరుపులు ఏసుకోని ఊళ్ళు తిరిగేవాడు. భార్య నూరమ్మకు కిడ్నీలు చెడిపోయినాక, వారానికి రెండు తూర్లు ఆమెను అందులోనే నెల్లూరికి తీసకపోయేవాడు. డయాలసిస్ అంటారే, రక్తం శుద్ధి చేసేది, దానికి. అది తప్పిందంటే ఒళ్ళంతా నీరు చేరి ఊపిరాడదు. వ్యాను వెనక సీటు పీకేసి, బూరుగు దూదితో తనే కుట్టిన పరుపు పరిచినాడు. “పల్లకీలో పోతుండావే నూరమ్మా” అని నేనంటే, “పల్లకీ యాడిది సార్, డబ్బా ఇది. గుంట వస్తే నా నెత్తి టాపుకు కొట్టుకుంటది, ఈయన టేపులో పాట ఆపడు” అనేది.

కోట అనే ఊళ్ళో రత్నం అని ఇన్సూరెన్సు ఏజెంటు. ఆ వ్యానుకు మొదటి నుంచీ ఆయనే కట్టించేది. ఏటా గడువు దగ్గరపడితే మోపెడ్ మీద తనే వచ్చి, మస్తాన్ ఇంట్లో టీ తాగి, కాయితం చేతిలో పెట్టి పోయేవాడు. గడువు ఎప్పుడో మస్తాన్‌కు తెలీదు. రత్నమన్న వస్తే కట్టాలి, అదే ఆయన లెక్క. ఒక ఏడు రత్నం రాలేదు. రాలేదు గాబట్టి ఇంకా టైముంది అనుకున్నాడు మస్తాన్.

చిల్లకూరు దగ్గర హైవేలో పోలీసులు ఆపినారు. నూరమ్మ లోపలే ఉంది. వాళ్ళను తప్పు పట్టేదానికి లేదమ్మా. ఎస్సైగారే ఆటో మాట్లాడి ఆమెను నెల్లూరికి పంపించినాడంట. “పెద్దాయనా, నీ బండి కింద ఎవరన్నా పడితే వాళ్ళ పిల్లలకు దిక్కెవరు?” అన్నాడంట. న్యాయమైన మాటే గదా. వ్యాను మాత్రం స్టేషన్లో పెట్టినారు. ఇన్సూరెన్సు తెచ్చి, జరిమానా కట్టి తీసకపొమ్మన్నారు.

నేను చెప్పినాను, “గూడూరు బస్టాండు ఎదురుగా అంగళ్ళుండాయి మస్తాన్, కూర్చున్నంతలో తీసిస్తారు” అని.

“రత్నమన్నకు చెప్పకుండానా సార్? ఇన్నేళ్ళు మా ఇంటికొచ్చిన మనిషి. ఆయన విస్తట్లో కూడు ఇంకొకరికి పెట్టినట్టుండదూ?”

ఫోను చేస్తే ఎత్తరు. ఊరికి పోయుంటాడులే అన్నాడు. రేపు వస్తాడు, ఎల్లుండి వస్తాడు. ఆ వారం నూరమ్మ బస్సులో పోయొచ్చింది, నిలబడి. ఆ మరుసటి తూరి నేను పోలేనయ్యా అని పడుకునింది. కాళ్ళు బోదకాళ్ళ మాదిరి వాచినాయి. ఆటో పిలుస్తానంటే, “ఈ ఒక్కసారికి ఏమీ కాదులే సార్” అనింది.

ఇంక ఇట్టా కాదని, పొద్దున్నే మస్తాన్‌ను నా స్కూటరెక్కించుకోని కోటకు పోయినాను. రత్నం మంచంలో ఉండాడు. పక్షవాతం. మాట లేదు, కుడి చెయ్యి లేవదు. ఆయన భార్య చెప్పింది, “అందరూ వేరే వాళ్ళ దగ్గరికి పోయినారన్నా. ఇంకా ఈయన కోసం కాచుకోనుండేది మీరేనా?” అని. మస్తాన్ మంచం పట్టె మీద కూర్చుని, వ్యాను పట్టుకున్నారన్నా అన్నాడు. రత్నం కళ్ళల్లో నీళ్ళు. ఎడమ చెయ్యి ఎత్తి వాకిలి వైపు చూపించినాడు. పో, పోయి తీసుకో అని. ఎంతసేపూ అదే చూపించినాడు.

గూడూరులో కాయితం రావడానికి ఎంతసేపు పట్టిందంటారు? టీ చల్లారే లోపల వచ్చేసింది. మస్తాన్ దాన్ని తిప్పి తిప్పి చూసినాడు. “ఇంతేనా సార్?” అన్నాడు.

జరిమానా కట్టి, వ్యాను తోసి స్టార్టు చేసి ఇంటికి వచ్చేసరికి తలుపుకు గొళ్ళెం పెట్టుంది. నూరమ్మ ఊపిరాడక కొట్టుకుంటుంటే పక్కింటోళ్ళు 108 పిలిచి నెల్లూరికి పంపించినారు. మేమూ ఆ వ్యానులోనే పోయినాము. దోవంతా మస్తాన్ పాట పెట్టలేదు. మేం పోయేసరికి...

మధ్యాన్నం దాటినాక ఆమెను ఆ పరుపు మీదనే పడుకోబెట్టి తెచ్చుకున్నాము. చిల్లకూరు దగ్గర మళ్ళీ ఆపినారు, అందరి బండ్లూ ఆపతా ఉన్నారు. కొత్త కానిస్టేబులు, చిన్న వయసు. మస్తాన్ ఆయన అడక్క ముందే జేబులోంచి తీసి ఇచ్చినాడు. “ఇన్సూరెన్సు ఉండాది సార్, చూసుకోండి” అన్నాడు. ఆ పిల్లోడు కాయితం చూసినాడు, లోపలికి చూసినాడు. మడతపెట్టి మస్తాన్ జేబులో తనే పెట్టినాడు. రోడ్డు మధ్యలోకి పోయి, లారీలకు చెయ్యి అడ్డం పెట్టి మాకు దోవ ఇచ్చినాడు.

ఆఁ... పొద్దు వాలింది. మీ అమ్మలు ఎదురు చూస్తా ఉంటారు. పోండి నాయనా, వేడిగా ఉండగానే కడుపు నిండా తినండి. చల్లగా ఉండండి అందరూ.