స్టూలెక్కిన శూరుడు

హెలికాప్టర్ మా టీకొట్టులో అడుగుపెట్టాడంటే ఆ పూట నా కుట్టుమిషను మూలపడ్డట్టే. పక్క వీధిలో ఫ్యాన్లు బాగుచేసే కొట్టు అతనిది. పనిలో చెయ్యి బంగారం. నోరే, ఒకసారి తిరగడం మొదలెడితే దానికి రెగ్యులేటర్ లేదు. అందుకే మేం ఆ పేరు పెట్టాం.

ఆ రోజు హెలికాప్టర్, టీకొట్టు బాబాయ్ ఇచ్చిన ఫ్యాన్‌ని బాగుచేసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైన కొక్కెం ఖాళీగా ఉంది, కింద స్టూలుంది, మధ్యలో మేం చెమటలు కక్కుతున్నాం.

"ఎక్కి బిగించెయ్యరా, పుణ్యముంటుంది," అన్నాడు బాబాయ్.

"బిగిస్తాలే బాబాయ్, ముందు గొంతులో టీ పడనీ. ఈ మోకాలు ఇవాళ కాస్త పట్టేసింది. ఎందుకు పట్టేసిందో తెలుసా? ఆదివారం కొండ దిగుతూ చిన్న దూకు దూకాను. అసలు ఈ దూకుళ్ళ వల్లే నా జీవిత బీమా ఇంత రచ్చయింది. మా ఆవిడ ఏడాదిగా పోరు పెడుతోందా, పిల్ల పుట్టింది, ఒక పాలసీ తీసుకోవయ్యా అని? సరే కదాని పోయిన నెల ఆ ఆఫీసుకెళ్ళా. ఏజెంటమ్మ కూర్చోబెట్టి, మీకేమన్నా ప్రమాదకరమైన సరదాలున్నాయా అనడిగింది. నేను అబద్ధమాడే మనిషినా? పెద్దగా ఏం లేవమ్మా, సెలవు రోజున కాస్త కొండలెక్కుతుంటానని చెప్పా."

"ఏ కొండరా?" అన్నాడు లారీ నడిపే మామ.

"అన్నీను. ఒకదాన్నే ఎక్కితే మిగతావి నొచ్చుకోవూ? తాడు వాడతారా అంది. వేళ్ళున్నాక తాడు మోత ఎందుకమ్మా అన్నా. ఆవిడ చేతిలో కలం జారిపోయింది. దిగేటప్పుడో అంది. నడిచి దిగాలంటే విసుగు, దూకేస్తా అన్నా. పారాచూటుతోనా అంది. మొదట్లో వాడేవాణ్ణమ్మా, అదేమో గాల్లో తాత్సారం చేస్తుంది, ఇంటికెళ్ళేసరికి అన్నం చల్లారిపోతోంది, మానేశా అన్నా."

మూల బెంచీ మీద కొత్తాయనెవరో ఒళ్ళో తోలుసంచీ పెట్టుకుని టీ ఊదుకుంటున్నాడు. ఆయన తలెత్తి, "మరి కిందపడితే ఎలాగండీ?" అన్నాడు.

కొత్త చెవి దొరికింది. ఇంక హెలికాప్టర్‌ని పట్టుకునేదెవరు?

"మంచి ప్రశ్న అడిగారు సార్. వీళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నేల తగలబోయే ముందు ఊపిరి బిగబట్టి మన జుట్టు మనమే పట్టుకుని పైకి గుంజుకోవాలి, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. అయ్యా, మీ సరదాలకి ప్రీమియం లెక్కగట్టలేక మా కంప్యూటర్లో పొగలొస్తున్నాయి, ఇంకేమన్నా ఉంటే ఒకేసారి చెప్పి పుణ్యం కట్టుకోండి అన్నాడు. సొరచేపలతో ఈదుతానన్నా. కరవవా అన్నాడు. నన్ను చూస్తే అవి ముందు వాటి పిల్లల్ని దాచుకుంటాయన్నా."

"పాపం చేపలు," అన్నాన్నేను.

"నువ్వూరుకో టైలరూ, కథకి కత్తెర పెట్టకు. సరే, డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నా గుండె మీద గొట్టం పెట్టి పావుగంట తియ్యడే. ఏమన్నా తేడా ఉందా డాక్టరుగారూ అన్నా. తేడా ఏం లేదయ్యా, ఈ చప్పుడు వింటుంటే నాకున్న భయాలన్నీ పోతున్నాయి, ఇంకాసేపు విననీ అన్నాడు. చివరికి కంపెనీ పెద్దాయనే వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. మీరు పోయే రకం కాదు, మీకేం భయం లేదు, మా బెంగంతా మీరు దూకే కొండల గురించే అన్నాడు. అని, ఆ కొండలన్నిటికీ పాలసీలు రాసేశాడు. నేను పడి ఏ కొండన్నా విరిగిందనుకో, దాని తాలూకు వాళ్ళకి డబ్బు ముడుతుంది."

"కొండ తాలూకు వాళ్ళెవర్రా?"

"పక్క గుట్టలు మామా. అంతెందుకు, నాకోసం వచ్చిన యముడు రెండుసార్లు ఉత్త చేతులతో పోయాడు. రెండోసారి ఆ దున్నపోతు కుంటుకుంటూ వెళ్ళింది. దానికీ ఒక పాలసీ ఇప్పించమని యముడే నన్ను సిఫార్సు అడిగాడు."

కొత్తాయన గ్లాసు కింద పెట్టాడు. "నేను ఆ కంపెనీ తరఫునే వచ్చానండీ. పాలసీ ఇచ్చేముందు ఇరుగుపొరుగుని విచారించి రమ్మంటారు. మీరు దరఖాస్తులో ఏ సరదాలూ లేవని రాశారు. ఇక్కడేమో కొండలు, సొరచేపలు. సరదాలుంటే ప్రీమియం ఎక్కువవుతుంది, అంతే. దాస్తే మాత్రం పాలసీయే ఇవ్వరు."

హెలికాప్టర్ నోరు కరెంటు పోయిన ఫ్యాన్‌లా నెమ్మదిగా ఆగింది.

"సార్, అదంతా కోతలండీ."

"ఏది? దరఖాస్తా, కొండా?"

"కొండే సార్." మా వైపు తిరిగాడు. "చెప్పండ్రా. నేను అబద్ధాలకోరునని చెప్పండి."

ఇన్నేళ్ళుగా ఆ మాట మేమంటే కొట్లాటకొచ్చిన మనిషి. నవ్వబోయాం గాని, అతని మొహం చూసి నవ్వు మింగేశాం.

"మా నాన్న ఉన్నట్టుండి పోయాడు సార్. మా అమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోమి నన్ను పెంచింది. నా పెళ్ళాం ఆ పాట్లు పడకూడదు."

"సార్, వీడంత కోతలరాయుడు ఈ చుట్టుపక్కల లేడు," అన్నాను మనస్ఫూర్తిగా.

"స్నేహితులు ఎలాగూ వెనకేసుకొస్తారు. ఈయన కొండలెక్కడని నేనెలా నమ్మేది?"

అప్పుడు బాబాయ్ కౌంటరు దిగొచ్చాడు. "వీడు ఎవరింటికీ వెళ్ళి ఫ్యాన్ దింపడు సార్. మనమే దింపి తీసుకెళ్ళాలి, మనమే బిగించుకోవాలి. ఎందుకో మీ కళ్ళతో మీరే చూడండి." స్టూలు నడిమధ్యకి జరిపాడు. "ఎక్కరా."

"బాబాయ్, మోకాలు..."

"పాలసీ కావాలా, వద్దా?"

హెలికాప్టర్ కుడికాలు స్టూలు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఎడమకాలు నేల వదలడానికి ఒప్పుకోలేదు. మామా నేనూ చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఒక చేత్తో నా జుట్టు, ఇంకో చేత్తో మామ చెవి పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళ వణుకుకి కింద స్టూలు టకటకలాడుతోంది.

"ఎంతెత్తులో ఉన్నా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"మూరెడు," అన్నాడు మామ.

"ఓరి నాయనో. దింపండ్రా, పిల్లగలవాణ్ణి."

విచారణకొచ్చినాయన నవ్వాపుకోలేక సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "చాలు, దింపండి. ప్రాణమంటే ఇంత తీపున్నవాడు నూరేళ్ళు బతుకుతాడు. అలాగే రాసి పంపుతాను. ఇంట్లో చెప్పండి, బెంగపడొద్దని."

దింపడానికి బాబాయ్ కూడా చెయ్యి వెయ్యాల్సొచ్చింది. నేల తగిలాక హెలికాప్టర్ ఆ కంపెనీ ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఈ హడావిడిలో ఫ్యాన్ బల్ల మీదే ఉండిపోయింది. కంపెనీ ఆయనే మెడ మీద చెమట తుడుచుకుని, పైన కొక్కెం వైపు చూసి, బూట్లు విప్పి స్టూలెక్కాడు. మేం ఫ్యాన్ అందించాం. హెలికాప్టర్ కింద కూర్చుని స్టూలు కాళ్ళు గట్టిగా వాటేసుకున్నాడు. మొహంలోకి అప్పుడే రంగు తిరిగొచ్చింది.

"జాగ్రత్త సార్," అన్నాడు పైకి చూస్తూ. "ఇంతింత ఎత్తులెక్కే సరదా ఉందని మీ కంపెనీకి చెప్పారా?"