రఖమాబాయి అడిగిన పాఠం

1993 జూన్ పద్నాలుగో తేదీన మరాఠీ సీమలోని సరిహద్దు ఊరు కుండల్‌వాడిలో ఉన్న మా పాఠశాలలో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులుగా చేరిన శ్రీ అంబాదాస్ కోటల్‌వార్ గారు, ముప్పై రెండేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ మే ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. సందర్భం అభినందనదే అయినా, ఆయనను దగ్గరగా ఎరిగిన సహోద్యోగుల గొంతులో దిగులే ముందు పలుకుతున్నది.

ఆయన చేరిన నాటికి ప్రయోగశాల అంటే ఒక బీరువా, అందులో అరచేతంత పుటాకార దర్పణం ఒకటి. దానిని కిటికీకి ఎదురుగా పట్టి, తెల్లకాగితాన్ని ముందుకూ వెనక్కూ జరిపి, రోడ్డూ జీపులూ తలకిందులై కాగితం మీద వాలే చోటును ఆయన పిల్లలకు చూపేవారు. దూరపు వస్తువుల కిరణాలు దర్పణాన్ని తాకి మరలి కలిసే ఆ చోటే నాభి అని మరాఠీలో ఒకమారు, సరిహద్దు గ్రామాల పిల్లల కోసం తెలుగులో మరొకమారు చెప్పేవారు. ఎవరికైనా అర్థం కాకపోతే, అయ్యేదాకా వదలని పట్టుదల ఆయనది.

ఆ పట్టుదలే ఆయన జీవితంలోని పెద్ద దుఃఖానికి కారణమైంది. 2009 ఫిబ్రవరిలో, పత్తి ఏరే కూలీ రఖమాబాయి కూతురు, పదో తరగతి విద్యార్థిని తృప్తి, కొవ్వొత్తిని దర్పణానికి మరీ దగ్గరగా, నాభికి ఇవతల నిలిపి, కాగితం మీద ప్రతిబింబం కోసం వెతుకుతూ ఉండిపోయింది. అక్కడ నిలిపిన వస్తువుకు నిజ ప్రతిబింబం ఏర్పడదనీ, ఏ కాగితమూ దానిని పట్టలేదనీ ఆయన ఒక్క మాటలో చెప్పి ఉండవచ్చు. పిల్ల తనంతట తానే కనుక్కోవాలనుకుని చెప్పలేదు. బస్సు వేళయిందని సహాయకులు దేవిదాస్ గారు గుర్తు చేసినా, ఇంకో అయిదు నిమిషాలన్నారు. చివరికి ఆ పిల్ల విసిగి కాగితం పక్కన పెట్టి, దర్పణంలోకే చూసింది. మంట నిటారుగా, అసలు దానికంటే పెద్దదిగా, అద్దం వెనుక ఉన్నట్టు కనబడగానే నవ్వింది.

బస్సు వెళ్లిపోయింది. తోటివారు లేక ఒంటరిగా నడిచి వెళ్తున్న తృప్తిని ఊరి చివరి మలుపులో జీపు ఢీకొన్నది. ఆమె ఇల్లు చేరలేదు.

మరునాడే అంబాదాస్ గారు రఖమాబాయి ఇంటికి వెళ్లి, పిల్లను ఆపింది తానేనని చెప్పారు. ఆయన సెలవు పెట్టారు; పదిహేనో నాడు రాజీనామా పత్రం పట్టుకుని బడికి వచ్చారు. అదే మధ్యాహ్నం రఖమాబాయి ప్రయోగశాల గడపలో నిలబడింది. అప్పుడు జరిగినది అంబాదాస్ గారు ఏనాడూ ఎవరికీ చెప్పుకోలేదు. అక్కడే ఉన్న దేవిదాస్ గారి వల్ల మాకు తెలిసింది.

"నా బిడ్డ ఆ దినం ఏం నేర్సుకున్నదో నాకు సూపెట్టుండ్రి సార్," అన్నదామె.

ఆయన దర్పణం తీసి నిలబెట్టారు. కొవ్వొత్తిని దేవిదాస్ గారు వెలిగించారు. దూరంగా ఉంచితే కాగితం మీద మంట తలకిందులుగా వచ్చింది. దగ్గరికి జరుపుతుంటే ప్రతిబింబం పెరుగుతూ దూరం జరిగి, ఒక చోటు దాటగానే లేకుండా పోయింది. ఇప్పుడు అద్దంలో చూడమన్నారు ఆయన. ఆమె చాలాసేపు చూసింది.

"గిది నా బిడ్డకు సమజైందా?"

"అయింది అక్కా. నవ్వింది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నది. "అయితే తెల్వకనైతే పోలే నా బిడ్డ. మీరు బడి ఇడ్వకుండ్రి సార్. తక్కిన పోరగాండ్లకు చెప్పుండ్రి. గానీ పొద్దుగూకక ముందే ఇండ్లకు తోలుండ్రి."

ఆయన రాజీనామా ఇవ్వలేదు. రెండేళ్లు నగరపరిషత్తు చుట్టూ తిరిగి ఆ మలుపులో కుంభాకార దర్పణం పెట్టించారు. వస్తువును చిన్నదిగా చూపినా, నిటారుగా, రెండు వైపుల దారినీ చూపేది అదే కదా. అక్కడ మళ్లీ ప్రాణం పోలేదు. ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం పిల్లలతో బస్‌స్టాండుకు నడిచి, చివరి విద్యార్థి ఎక్కేదాకా నిలబడ్డారు. సొంత కూతురు అర్పిత నిశ్చితార్థం నాడు కూడా. వక్ర దర్పణాల పాఠం ఏ ఏడూ మానలేదు గానీ, కొవ్వొత్తిని నాభి దాటించే ఘట్టాన్ని మాత్రం సహోపాధ్యాయురాలు మీరా గారి చేత చేయించి, తాము వరండాలో నిలబడేవారు. ఆయన చేతి కింద ఇంజనీర్లయిన వారున్నారు, ఉపాధ్యాయులైన వారున్నారు. వారి మాట ఎత్తితే బస్సు వేళయిందంటూ లేచిపోతారు. తప్పు మీది కాదని చెప్పడం మేము ఎన్నడో మానేశాం, ఆయన వినరు.

జూన్ నుంచి బస్‌స్టాండు బాధ్యత మీరా గారు స్వీకరిస్తున్నారు. కనుక మాన్యులు అంబాదాస్ గారు ఇక సాయంత్రం అయిదు గంటలకు తమ ఇంటి అరుగు మీద, సహధర్మచారిణి సుమిత్రాబాయి గారి పక్కన కూర్చుని నిమ్మళంగా చాయ్ తాగాలనీ, సంపూర్ణారోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఆ నూరేళ్లలో ఒక్క సాయంత్రమైనా తమను తాము క్షమించుకోవాలనీ మా అందరి ప్రార్థన.