పెండ్లి పత్రిక తెచ్చినవాడికీ చెప్పని చిరునామా

1988 జూలై 11వ తేదీన జమ్మలమడుగులోని మన రెవెన్యూ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా ప్రవేశించిన శ్రీ జ్ఞానప్రకాశం గారు, ముప్పై ఏడేండ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. నిష్కళంకమన్న మాటను ఆయన ఒప్పుకోరు. ఎందుకో చెప్పకపోతే ఈ వ్యాసం ఉత్త పూలదండే అవుతుంది.

చిలమకూరులో పంతులమ్మగా పనిచేసిన ఆనందమ్మ గారి కుమారులైన ఆయన, కొలువులో చేరిన రెండవ ఏట ఒక తప్పు చేశారు. ఊరికి రెండు వర్గాలుండి, సర్కారు ఉద్యోగి నిజం రాస్తే రెండింటికీ శత్రువయ్యే రోజులవి. సర్వేయరు వెంకటయ్య గారు ఒక పొలం గట్టును ఉన్నది ఉన్నట్టు కొలిచి సంతకం చేశారు. మూడోనాడు పసుపు పూసిన పెండ్లి పత్రికతో ఒకడు వచ్చాడు.

"అప్పా, వెంకటయ్య సారు ఇల్లు యాడ? పత్రిక ఇంటికి పోయి ఇయ్యల్ల."

శుభమా అని పత్రిక తెచ్చినవాణ్ని పొమ్మనే అలవాటు మన సీమలో ఎవరికుంది? జ్ఞానప్రకాశం గారు గేటు దాకా వచ్చి మరీ ప్రొద్దుటూరులోని వీధి గుర్తులు చెప్పారు. పత్రిక వంకన ఇల్లు కనుక్కున్నవాళ్ళు ఆ సాయంత్రమే బిడ్డల కండ్ల ముందు వెంకటయ్య గారి రెండు కాళ్ళూ విరగ్గొట్టారు. ఆయన మళ్ళీ కొలత గొలుసు పట్టలేదు. ఆయన పోయేదాకా ప్రతి ఆదివారమూ ఆరాధన ముగియగానే జ్ఞానప్రకాశం గారు వెళ్ళి ఆ మంచం పక్కన కూర్చునేవారు.

అది మొదలు సిబ్బంది రిజిస్టరులో ఇంటి చిరునామా ఉండవలసిన చోట అందరికీ కార్యాలయం చిరునామానే రాయించారు. అసలువి ఆయన మనసులోనే ఉండేవి. ఇండ్లకు చేరవలసిన ఉత్తరాలను సైకిలు మీద, పులివెందుల బస్సులో, తానే మోసుకుపోయి ఇచ్చేవారు. ఎన్నికల మరునాడు నలుగురొచ్చి, "ఏందప్పా, బూతు ఆఫీసరు ఇల్లు చెప్పేదానికి ఇంత ఆలోచన చేస్తాండావు?" అని గద్దిస్తే, "మాకు ఇల్లేముండాదప్పా, ఆఫీసే ఇల్లు. కూర్చో, టీ తాగు" అన్నారు. మూడు టీలు తాగి విసుగెత్తి వాళ్ళే పోయారు. "సారు పుణ్యాన మా ఇండ్ల పెండ్లిండ్లకు ఆఫీసోళ్ళు ఒక్కరూ రారు" అని మనమంతా ఎగతాళి చేసిన మాట వాస్తవం.

ఆ ఎగతాళే కొంప ముంచింది. 2019లో సతీమణి కంటి ఆపరేషన్ కోసం ఆయన సెలవు పెట్టిన పదిహేను రోజుల్లో, పెండ్లి పత్రికలు పంచుకోవడానికి సులువుగా ఉంటుందని, మన ఉద్యోగుల సంఘం కార్యదర్శి ఇల్లిల్లూ అడిగి, అందరి చిరునామాలూ ఫోన్ నంబర్లూ సంఘం డైరీలో అచ్చు వేయించాడు. ఆ కార్యదర్శి ఆదినారాయణే ఈ వ్యాసకర్త.

తిరిగొచ్చి చూసి ఆయన కోప్పడలేదు. "ఎన్ని పంచినావు, ఆదీ?" అన్నారు.

"అన్నీ, సార్."

ఇద్దరూ ఇంటింటికీ తిరిగి డైరీలు వెనక్కి అడిగారు. అన్నీ రాలేదు.

రానివాటిలో ఒకటి, మనుషుల వివరాలు పోగుచేసి అమ్ముకునే ఒక కంపెనీకి చేరింది. రెండేండ్ల కిందట లింగాల దగ్గర ప్రభుత్వ భూమిని ఒక పార్టీవాళ్ళ పేర రాయనన్న మన సహోద్యోగిని విమల గారి ఫోనుకు, పులివెందులలోని ఆమె ఇంటి వాకిలి ఫొటో వచ్చింది. వాకిట్లో ఆమె కూతురి చెప్పులున్నాయి. ఆ చిరునామా తీసెయ్యమని జ్ఞానప్రకాశం గారు పదకొండు నెలలు అర్జీలు రాశారు. ఇంటర్నెట్టులో ఒకచోట తీసేస్తే మూడుచోట్ల తేలింది. మీరు అచ్చు వేసుకున్నదే కదా అని కంపెనీ జవాబిచ్చింది. చివరికి విమల గారు ఇల్లు ఖాళీ చేసి, కొలువు వదిలి, బిడ్డతో వెళ్ళిపోయారు.

ఆనాడు ఆయన ముఖం చూడలేకపోయాము. "పత్రిక తెచ్చినోడు ఎదురుగా నిలబడినాడు. వానికైతే టీ ఇచ్చి కూర్చోబెడుదును. దీనికి టీ ఎవరికియ్యల్ల, ఆదీ?" అన్నారు.

విరమణ పొందే వారి ఛాయాచిత్రం కింద ఇంటి చిరునామా వేయడం మన సంఘం సంచిక ఆనవాయితీ. ఈసారి ఆ చోటు ఖాళీగా వదిలాము. వదిలినందువల్ల ప్రయోజనం లేదని మాకూ తెలుసు. ఆ చిరునామా ఆ డైరీలో పద్నాలుగవ పేజీలో ఉంది.

శ్రీ జ్ఞానప్రకాశం గారు సతీసమేతంగా నిండు నూరేండ్లు ఆరోగ్యంగా జీవించాలనీ, ఆ ఇంటి తలుపు తట్టే ప్రతి చేతిలోనూ నిజమైన పెండ్లి పత్రికే ఉండాలనీ ప్రార్థిస్తున్నాము. ప్రార్థించడం తప్ప మా చేతుల్లో ఇక ఏమీ మిగల్లేదు.