పక్కకు పెట్టిన శాంపిల్

సికింద్రాబాద్‌లో ఒక జన్యు పరీక్షల ల్యాబ్. రిపోర్టు కోసం ఒక తల్లి పసిపాపతో బయట కూర్చుంది. లోపల రిపోర్టు రాస్తున్న టెక్నీషియన్ ల్యాబ్ పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు.

“మేడం, పాప గుండె జీన్‌ల ఒక మార్పు దొరికింది. అన్ని దేశాలోళ్లు పంచుకునే, మంచిగున్నోళ్ల డేటాబేస్‌ల ఎవ్వరికీ లేదు. అందుకే జబ్బు అని రాస్తున్న.”

“అందులో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారు?”

“శానా తక్కువ మంది మేడం.”

“మరి మనవాళ్లలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఉద్యోగంలో చేరిన రోజు మనందరం ఇచ్చిన రక్తం ఫ్రీజర్‌లో ఉందిగా. అది చూశావా?”

“చూసిన. ఒక్కదాంట్ల గదే మార్పు ఉంది. ఆ శాంపిల్ ఖరాబైందనుకొని పక్కకు పెట్టిన.”

“ఎవరిది?”

“మీదే మేడం.”

“లిఫ్ట్ ఆగిపోయినప్పటి నుంచి ఈ ఐదో అంతస్తుకి రోజూ మెట్లెక్కే వస్తున్నాను, నా గుండెకు ఏ ఇబ్బందీ లేదు. జబ్బు అనే మాట కొట్టేసి, ముందు ఆ తల్లిని పిలువు. తర్వాత నన్ను డేటాబేస్‌లో ఎక్కించు.”