బావ తోలిన ఓడ ఇంజిన్ కారు

షెడ్డులో ఉన్న కారుకి అన్నీ వచ్చాయి, ఇంజిన్ ఒక్కటే రాలేదు. ఇనుప పైపులతో కట్టిన ఫ్రేము, నేలకి జానెడెత్తులో ఒంటి సీటు, వెడల్పాటి టైర్లు, గుండ్రటి పళ్లెమంత స్టీరింగు. తలుపుల్లేవు, అద్దాల్లేవు. రేసు ట్రాకు మీద తిరగడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాని కారు అది. ప్రస్తుతానికి దానికీ పనికిరాదు.

దాన్ని కడుతున్నవాణ్ణి ఆ వీధి వీధంతా బావమరిది అనే పిలుస్తుంది. ఎదురుగా విడిభాగాల కొట్టు నడిపే పెద్దమనిషికి అతను సొంత బావమరిది, మిగతావాళ్లకి పిలుపు వల్ల బావమరిది. ఆ పెద్దమనిషిని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ అన్నగారూ అంటారు. పక్కకి తిరిగితే హారన్ అంటారు, ఎందుకంటే ఆయన మోగడం మొదలుపెడితే దారి ఇవ్వడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

తండ్రి పోయాక చదువు ఆగిపోయి గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నవాణ్ణి లేత్ మిషను ముందు నిలబెట్టి పని నేర్పించింది ఆ బావే. షెడ్డు కూడా బావదే. అందుకని బావ మాట కాదనడం అతనికి చేతకాదు. అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాడు. అసలు తంటా ఏమిటంటే, బావ కథ చెబుతున్నంతసేపూ అది నిజమేననిపిస్తుంది. కథ అయ్యేసరికి చెయ్యి దానంతటదే ఇనుము కోసే గ్రైండరు కోసం వెతుక్కుంటుంది.

మొదట మోటారుసైకిల్ ఇంజిన్ పెడదామని ఫ్రేము సన్నగా కట్టుకున్నాడు. ఓ సాయంత్రం బావ, లారీ ఇంజిన్ వేసిన కారుతో తను కొండెక్కిన కథ చెప్పాడు. మర్నాడే కోసి వెడల్పు చేశాడు. తర్వాత ఇంజిన్ వెనకాల ఉంటేనే కారు మనిషి మాట వింటుందని ఇంకో కథ. ముందుభాగం కోసి వెనక అతికాడు. అంతా అయ్యాక బావ తీరిగ్గా వచ్చి చూసి, "ఇదేంట్రా, ఇంజిన్ ఇక్కడ పెడితే పెట్రోలు ట్యాంకు నీ నెత్తిన పెట్టుకుంటావా?" అన్నాడు. ఇంజిన్ మళ్లీ ముందుకొచ్చింది.

ఈసారి మాత్రం ఎవరికీ చెప్పకుండా, తన బుద్ధికి తోచినట్టు, చిన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి సరిపడేలా కట్టుకున్నాడు. ఇంజిన్ తేలికైతే కారు తేలిక, కారు తేలికైతే మలుపుల్లో చెప్పినట్టు తిరుగుతుంది. కానీ కోసి అతికి, కోసి అతికి అక్కడి పైపులు నీరసపడిపోయాయి. ఇంకోసారి వెల్డింగు మంట తగిలితే పగుళ్లిస్తాయి. అప్పుడు ఫ్రేము మొత్తం పాత ఇనుములో వేసెయ్యడమే. ఇన్నేళ్ల ఆదివారాలూ దాంతోపాటే పోతాయి. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక తనకి లేదని అతనికి తెలుసు. ఆ మాట మనసులో అనుకోవడానిక్కూడా భయంగా ఉండేది.

ఇంతలో పాత ఇంజిన్ల వ్యాపారి దగ్గరికి ఆ చిన్న ఇంజిన్‌తోపాటు ఎనిమిది సిలిండర్లది కూడా ఒకటి వచ్చింది. ఆ కబురు ముందు బావ చెవిన పడింది. రెండింటికీ వేరే బేరాలున్నాయి, ఏది కావాలో సాయంత్రం కొట్టు కట్టేలోపు ఫోన్ చెయ్యి అన్నాడు వ్యాపారి. సాయంత్రం కానే అయింది. బావ టీకొట్టు ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఎనిమిదే. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు.

"చోటు చాలదు బావా. మళ్లీ కొయ్యాలి."

"కొయ్యి. కోతకి భయపడేవాడు కారెందుకు కట్టాలి? నేను ఊరికే చెప్పడం లేదు, చేసి చెబుతున్నా."

పక్క కొట్టు టైర్లాయన చేతిలో పని కింద పెట్టి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. టీకొట్టావిడ స్టవ్వు సన్నం చేసింది. అన్నగారు మొదలుపెడితే పాలు పొంగి పొయ్యిపాలు కావడం ఆవిడకి అనుభవమే.

"నాకు పెళ్లి కాకముందు సంగతి," అన్నాడు బావ. "ఒక మిల్లు యజమాని ఉండేవాడు, ఆయనా వీడిలాగే ఇంజిన్ లేని కారు ఒకటి కట్టించుకుని ముందు కూర్చుని చూసుకుంటున్నాడు. తెల్లారితే రేసు. మెకానిక్కులందర్నీ పిలిచాడు. ఒకడు నాలుగంటాడు, ఒకడు ఆరంటాడు, ఎవడి గోల వాడిది. నేను బోల్టులిచ్చి పోదామని వెళ్లానంతే, మనకెందుకులే అని ఓ పక్కన నిలబడ్డా. ఆయన అందర్నీ వదిలేసి నా మొహం చూసి, బాబూ నువ్వు చెప్పు, అన్నాడు. మొహంలో ఏదో కనబడి ఉంటుంది. ఎనిమిది పెట్టండి అన్నా. పెట్టేవాడెవడూ అన్నారు. చొక్కా విప్పా."

"ఒక్కరేనా?" అన్నాడు టైర్లాయన.

"ఒక్కణ్ణే. ఇంజిన్ పైకెత్తామా, సరిగ్గా కారు మీదికొచ్చేసరికి పైన గొలుసు తెగింది. ఇంజిన్ జారుతోంది. ఏం చేస్తాం, పట్టుకున్నా."

"రెండు చేతుల్తోనా అన్నగారూ?"

"రెండూ దానికే పెడితే బోల్టులెవరు బిగిస్తారు చెల్లెమ్మా?"

ఆవిడ నిజమేనన్నట్టు తలూపి గ్లాసులు తొలవడం మొదలుపెట్టింది. బావమరిది మాత్రం ఆ బోల్టులు ఏ సైజువో అడగబోయి ఆగిపోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్టార్ట్ చేశా. నడిచింది. అందరూ చప్పట్లు. నాకు తృప్తి లేదు. ఆ ఊపు లేదు, ఏదో ముసలాయన దగ్గినట్టుంది. అప్పుడు ఎవరో అన్నారు, రేవులో పాత ఓడ ఒకటి విప్పుతున్నారని..."

"ఓడా?"

"చిన్న ఓడేలే," అన్నాడు బావ, ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పడం తనకి ఇష్టంలేనట్టు. "వెళ్లా, దాని ఇంజిన్ తెచ్చా."

"ఓడ ఇంజిన్ కారులో ఎలా పట్టిందండీ?"

"కారులో ఇంజిన్ పట్టించాలని రూలేమైనా ఉందా? ఇంజిన్‌లోనే కారు పట్టించాం."

టైర్లాయనకి టీ పొలమారింది. బావ ఆయన వీపు మీద రెండు చరుపులు చరిచి, ఏమీ జరగనట్టు అందుకున్నాడు.

"తెల్లారింది, ట్రాకు మీదికి వెళ్లాం. మీట నొక్కా. ఆ మొదటి మోతకి, చుట్టూ కుర్చీల్లో కూర్చున్న జనం కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే వెనక వరసలోకి వెళ్లిపోయారు. జెండా ఊపేవాడు జెండాతో సహా ఎటు పోయాడో ఇప్పటికీ ఆచూకీ లేదు, వాళ్లింట్లోవాళ్లు మాత్రం నన్ను ఒక్కమాట అనలేదు, మంచివాళ్లు. క్లచ్ వదిలా. కారు కదల్లేదు. ఇదేంట్రా అని కిందకి చూస్తే, కారు ఉన్నచోటే ఉంది, రోడ్డే వెనక్కి పోతోంది!"

"మరి టైర్లు?" అన్నాడు టైర్లాయన. తన సరుకు సంగతి వచ్చేసరికి ఆయన నవ్వడం మానేశాడు.

"మొదటి రౌండులో కరిగిపోయాయి. రెండో రౌండు రిమ్ముల మీద కొట్టా. మూడో రౌండుకి రిమ్ములూ లేవు. అయినా ఆ వేగంలో చక్రాలెందుకయ్యా, ఆగినప్పుడు కదా వాటితో పని!"

"మలుపుల్లో, బావా?" అన్నాడు బావమరిది. అతను నవ్వడం లేదు. "అంత బరువు ముందుంటే మలుపులో ముక్కు తిరగదు కదా. తిన్నగా బయటికి పోతుంది కదా."

"నేను తిప్పితే కదరా! స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు. నేను వస్తున్నానని చూసి మలుపే సర్దుకుంది. కావాలంటే ఇప్పుడెళ్లి చూడు, ఆ ట్రాకులో ఒకచోట ఉండాల్సిన మలుపు ఉండదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ముందు ఒక కారు కనబడింది. ఎవడ్రా నాకన్నా ముందని ఒళ్లు మండింది. తొక్కా. దగ్గరికెళ్లి చూద్దును కదా, అదే రంగు, అదే నంబరు, చొక్కా లేని అదే వీపు. నేనే! నన్ను నేనే వెనకనుంచి అందుకున్నా. ఏం చేస్తాం, హారన్ కొట్టి దాటేశా."

హారన్ అన్న మాట ఆయన నోట వినేసరికి టీకొట్టావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గెలిచా, దిగా, చేతులు కడుక్కున్నా, ఎవరో టీ ఇస్తే సగం తాగా. అప్పుడొచ్చింది నా ఇంజిన్ చప్పుడు." బావ గ్లాసు ఎత్తి మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి బల్ల మీద పెట్టాడు. "అందుకని చెబుతున్నా, ఎనిమిది. వాడికి ఫోన్ కొట్టు."

బావమరిది షెడ్డు వైపు చూశాడు. తలుపు తీసే ఉంది. ఫ్రేము పక్కన గ్రైండరు కనబడుతోంది, దాని వైరు అప్పుడే ప్లగ్గులో పెట్టి ఉంది. పెట్టింది తనే, పొద్దున. అంటే బావ ఏం చెబుతాడో వినకముందే తను సిద్ధపడిపోయాడన్నమాట. అది తెలిసేసరికి అతనికి చాలా కోపం వచ్చింది. బావ మీద అంతగా కాదు, తన మీద.

పైపులు తట్టుకోవని చెప్పొచ్చు. ఇంతకుముందు చెప్పాడు కూడా. చెప్పిన ప్రతిసారీ బావ దగ్గర అంతకన్నా సన్నటి పైపులతో కట్టిన వంతెన కథ ఒకటి సిద్ధంగా ఉంటుంది. లెక్కలతో బావని గెలిచినవాడు ఆ వీధిలో ఇంతవరకూ లేడు.

"నాకు గుర్తుంది బావా," అన్నాడు.

"ఏది?"

"ఆ రేసు. నేనూ ఉన్నాను కదా."

బావ అతని వైపు తిరిగాడు. "నువ్వా? ఎక్కడ?"

"వెనకాల, పెట్రోలు ట్యాంకు మీద. ముందు ఓడ ఇంజిన్ బరువుకి కారు తోక పైకి లేస్తోందని నన్ను అక్కడ కూర్చోబెట్టి బెల్టుతో కట్టేశావు."

టైర్లాయన నోట్లోకి పోతున్న బిస్కెట్టు మధ్యలో ఆగింది.

"ఏం మాట్లాడుతున్నావురా? పెళ్లి కాకముందని చెప్పానా లేదా? అప్పటికి మీ అక్కనే చూళ్లేదు నేను. నువ్వెక్కణ్ణుంచి వస్తావ్?"

బావమరిది గబగబా అందుకున్నాడు. "చప్పుడు నీకన్నా వెనక వచ్చినప్పుడు, బావమరిది నీ పెళ్లికన్నా ముందు రాకూడదా? అంత వేగం కదా బావా."

టీకొట్టావిడ పకపకా నవ్వింది. బావ కాలు మీది కాలు దించాడు.

"నిన్ను నువ్వు దాటేశానన్నావు, అదీ నిజమే," అన్నాడు బావమరిది, ఈసారి కాస్త తీరిగ్గా. "నేను పక్కకి తిరిగి చూశా. ఆ రెండో కారులో కూడా ట్యాంకు మీద నేనే ఉన్నా. చెయ్యి ఊపా. వాడూ ఊపాడు. కానీ బావా, సర్దుకోని మలుపు ఇంకోటి ఉంది, అది నువ్వు మర్చిపోయావు. అక్కడ మన ముక్కు తిరగలేదు. తిన్నగా వెళ్లి గడ్డివాములో దూరాం. ఆ సందులో, నువ్వు దాటేసిన నువ్వే మళ్లీ మనల్ని దాటేసి వెళ్లి గెలిచావు. టీ తాగింది ఆ నువ్వు. ఈ నువ్వు గడ్డివాములోంచి నన్ను బయటికి లాగి, నెత్తిన గడ్డి దులిపి, ఏమన్నావో చెప్పనా?"

"ఏమన్నాను?" అన్నాడు బావ. అడగకూడదని తెలిసీ అడిగేశాడు, ఎందుకంటే కథ మంచి పట్టులో ఉంది.

"ఒరేయ్, పెద్ద ఇంజిన్ జోలికి ఇంకెప్పుడూ పోవద్దు, రేపు నువ్వొక కారు కట్టుకుంటే దానికి నాలుగు సిలిండర్లదే పెట్టు, అన్నావు. ఎప్పుడైనా నేను మర్చిపోయి ఎనిమిది అన్నా సరే వినకు, అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నావు. నీ మాట నేనెప్పుడు కాదన్నాను బావా?"

స్టవ్వు మీద పాలు చిన్నగా గుసగుసలాడుతున్నాయి.

"ఆ రేసులో వాడు లేడంటారా అన్నగారూ?" అంది టీకొట్టావిడ, చాలా వినయంగా.

"లేడంటే పరవాలేదు," అన్నాడు టైర్లాయన. "కాకపోతే ఆ రేసు చూసిన ఒకే ఒక్క మనిషిని కూడా పోగొట్టుకుంటారు."

బావ ఖాళీ గ్లాసు ఎత్తి లోపలికి చూశాడు. దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత బావమరిది మొహంలోకి చూశాడు. అతని నుదుటి మీద చెమట పట్టి ఉంది. పెదవి కొరుక్కుంటున్నాడు. లేత్ మీద మొదటిసారి చెయ్యి పెట్టిన రోజున కూడా వాడి మొహం ఇలాగే ఉంది, అది బావకి బాగా తెలుసు.

"అన్నాను," అన్నాడు చివరికి. "అనే ఉంటాను."

బావమరిది జేబులోంచి ఫోన్ తీసి రోడ్డు దాటి షెడ్డు గుమ్మంలోకి వెళ్లాడు. వ్యాపారి ఎత్తాడు.

"చిన్నదే. నాలుగు సిలిండర్లది. రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తా."

"మళ్లీ మాట మారదు కదా? మీ బావగారికి చెప్పావా?"

"ఆయనే పెట్టమన్నాడు," అన్నాడు బావమరిది.

ఫోన్ పెట్టేసి, వంగి, గోడకున్న గ్రైండరు ప్లగ్గు పీకేశాడు. రోడ్డుకి అటువైపు బావ అప్పటికే బల్ల అంచుకి జరిగి, చేతులు రెండూ చాపి చెబుతున్నాడు.

"పెట్రోలు ట్యాంకు మీద కూర్చోవడమంటే మాటలా? ఇంకెవడైనా అయితే మొదటి రౌండులోనే కెవ్వుమనేవాడు. మా వాడు కిక్కురుమంటే ఒట్టు!"